అంచు బంటు

వసుమతి మొదటిసారి చెస్ క్లబ్బుకు వెళ్ళిన రోజున ఆమెకు ఆట రాదనే అందరూ అనుకున్నారు. అలా అనుకోవడంలో వాళ్ళ తప్పేమీ లేదు. ఎదుటి మనిషి బంటును రెండు గళ్ళు ముందుకు తోస్తే, ఆమె తన బంటును ఒక్క గడే జరిపింది. ఆయన మళ్ళీ రెండు గళ్ళు జరిపితే, ఆమె మళ్ళీ ఒక్కటే. కాసేపయ్యాక తన రాజు ఉన్న చోటు క్షేమం కాదనిపించి, అతన్ని గుర్రంలా ఎగిరించి పక్కకు చేర్చింది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"రాజు అలా దూకడు మేడమ్," అన్నాడు నెమ్మదిగా.

"మా ఊళ్ళో దూకుతాడు," అంది వసుమతి. "ఆట మొత్తంలో ఒక్కసారి."

అది 1978. అరిజోనాలో నారింజ తోటలు పూతకొచ్చి ఊరంతా వాసన కమ్ముకునే రోజులు. టెంపీ ఊరి లైబ్రరీలో గురువారం సాయంత్రాలు ఆడుకునే ఆ క్లబ్బులో అందరూ మగవాళ్ళే. చీర కట్టుకొచ్చిన ఆ ముప్పై ఆరేళ్ళ మనిషిని చూసి, ఎవరికోసమో వెతుక్కుంటూ దారితప్పి వచ్చిందనుకున్నారు. ఆడటానికే వచ్చానని ఆమె చెప్పాక ఎర్ల్ హాస్కిన్స్ అనే పెద్దాయన మర్యాదగా కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. మీసా అనే పక్క ఊళ్ళో హైస్కూలు పిల్లలకు భూగోళం చెప్పే మేష్టారాయన. ముప్పై ఏళ్ళుగా ఆడుతున్నాడు.

వసుమతికి ఆట నేర్పింది నూజివీడులో ఉండే ఆమె అమ్మమ్మ అన్నపూర్ణ. మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో ఎర్రగుడ్డ మీద నల్లదారంతో కుట్టిన గళ్ళు పరిచి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళను ఒక్కొక్కరినీ ఓడించి పంపేదావిడ. వాళ్ళ ఆటలో బంటు ఎప్పుడు కదిలినా ఒక్క గడే. రాజు చెక్ తినకుండా ఉంటే ఒకే ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. తొందరపడి మధ్యలోకి గుర్రాన్ని దూకించిన మనవరాలితో అన్నపూర్ణ, "ముందు ఇల్లు సర్దుకోవే. వీధిలోకి తరవాత వెళ్దువుగాని," అనేది. వసుమతి అలాగే ఆడటం నేర్చుకుంది. బంట్లన్నీ ఒక్కొక్క అడుగు వేసి పొట్టిగోడలా నిలబడతాయి. ఇక్కడివాళ్ళు బిషప్పులనే శకట్లు రెండూ ఆ గోడ సందుల్లోంచి బోర్డు అవతలి మూలలదాకా చూస్తుంటాయి. గుర్రాలు రాజు ముందొకటి, మంత్రి ముందొకటి సర్దుకుంటాయి. ఎదుటివాడు మైదానమంతా ఆక్రమించుకుని విర్రవీగనీ, వాడి బలగం చెల్లాచెదరయ్యాక గోడలో తలుపు తెరుచుకుని బయటికి రావాలి. అదీ అన్నపూర్ణ పద్ధతి.

పెళ్ళయ్యాక వసుమతి ఆట మానేసింది. భర్త దామోదర్ చిప్పుల కంపెనీలో ఇంజనీరు. అతనికి చాండ్లర్‌లో ఉద్యోగమై వచ్చేనాటికి అదింకా పత్తిచేల మధ్య చిన్న ఊరు. తెలుగు ఇళ్ళు నాలుగో అయిదో. కూతురు శశికళ బడికి వెళ్ళిపోయాక పగలంతా ఒక్కతే. బయట ఎండకు కారు స్టీరింగు పట్టుకుంటే చేతులు కాలేవి. లైబ్రరీలో అతికించిన క్లబ్బు కాగితం చూసి, వెళ్ళనా అని ఆమె అడిగినప్పుడు దామోదర్ కారు తాళాలు తీసుకుని పద అన్నాడు. తనకు ఆట రాదు, ఆసక్తీ లేదు. లైబ్రరీలో పేపరు చదువుకుంటూ కూర్చునేవాడు.

రాజు దూకకూడదని తెలిసిన ఆ రోజు ఇంటికొస్తూ వసుమతి కారులో కిటికీ వైపే తిరిగి కూర్చుంది. ఇక వెళ్ళదేమోననుకున్నాడు దామోదర్. మరుసటి గురువారం ఆమే ముందుగా తయారై గుమ్మంలో నిలబడింది. వారమంతా కూర్చుని ఇక్కడి నియమాలన్నీ ఒంటబట్టించుకుంది. కానీ బంట్లను మాత్రం ఒక్కొక్క గడే జరిపింది. ఇప్పుడది తెలియక చేసిన పని కాదని ఎర్ల్‌కు అర్థమైంది. ఆ సాయంత్రం ఆయన గెలవడానికి చాలా చెమటోడ్చాడు.

ఆట అయ్యాక ఆయన ఆమెకో సంగతి చెప్పాడు. ఇండియన్ అనే పేరున్న ఆరంభాలు, అంటే ఆట మొదలుపెట్టే పద్ధతులు, తమ పుస్తకాల్లో బోలెడున్నాయట. ఆమె ఆడేది వాటికి దగ్గర చుట్టమట. పేరున్న ఎత్తులు ఆడుతున్నట్టు అమ్మమ్మకు తెలియదు పాపం అనుకుని వసుమతి నవ్వుకుంది.

ఆ తరవాత ఎర్ల్ ఆమెకు చాలా నేర్పాడు. గడియారం నొక్కడం, ఎత్తులు రాసుకోవడం, ముట్టుకున్న పావునే కదపాలన్న పట్టింపు, ఓడిపోయాక చెయ్యి కలిపి కూర్చుని ఎక్కడ తప్పామో ఇద్దరూ కలిసి వెతుక్కోవడం. ఈ చివరిది వసుమతికి కొత్త. ఓడినవాళ్ళు గుడ్డ మడిచేసి లేచిపోవడమే ఆమె చూసింది. ఎర్ల్ మాత్రం ఓడిన ఆటను గెలిచిన ఆటకంటే ఎక్కువసేపు చూసేవాడు. "బోర్డు దగ్గర కూర్చున్నాక దాచుకునేదేమీ ఉండకూడదు," అనేవాడు. తనకు తెలిసిందల్లా చెప్పేసేవాడు. మరుసటివారం ఆమె దాన్నే ఆయన మీద ప్రయోగిస్తే సంతోషించేవాడు.

మొదటి రెండేళ్ళూ ఆమె ఓడిందే ఎక్కువ. ఆ ఆరంభం మానేసి అందరిలా ఆడమని క్లబ్బులో నలుగురూ సలహా ఇచ్చారు. కొన్నాళ్ళు అలాగే ఆడి ఇంకా ఘోరంగా ఓడింది. నల్లపావులు పడినప్పుడు మళ్ళీ తన గోడ దగ్గరికే వచ్చింది. ఈసారి దాన్ని గుడ్డిగా కట్టడం కాకుండా, ఏ రాయి ఎందుకక్కడుందో ఆరా తీయడం మొదలుపెట్టింది. అప్పటికి ఆమె కమ్యూనిటీ కాలేజీలో లెక్కలు చెప్పే పనిలో చేరింది. వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ, కాలేజీకి డ్రైవ్ చేస్తూ మనసులో పావులు కదిపేది. 1981 కల్లా దూరాన టూసాన్ నుంచి, ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి వచ్చేవాళ్ళు సైతం ఆ గోడను చూసి జంకేవాళ్ళు. బంట్లన్నీ మధ్యలోకి తోసి మీద పడి, ఊపిరి అయిపోయాక ఆమె తలుపు తెరిస్తే నిలవలేక కూలిపోయేవాళ్ళు. వాళ్ళలో ఎర్ల్ కూడా ఉన్నాడు.

1983 జనవరిలో ఒక ఆదివారం ఆమె వంటింటి బల్లమీద రెండువైపులా తనే ఆడుతోంది. తన గోడను ఎదుటివాడి కుర్చీలోంచి చూద్దామని బోర్డు తిప్పింది. మధ్య బంట్ల సంగతి వదిలేసి, రాజు వైపున్న అంచు బంటును తోసి చూసింది. దాన్ని ఆపాలంటే గోడలో ఒక బంటు పైకి రావాలి. ఇంకా తోస్తే పక్క బంటూ పైకి రావాలి. అక్కడ గోడ పలచబడుతుంది. పలచబడ్డ చోట తెల్ల గుర్రం తనను తాను బలి ఇచ్చుకుంటే, అంచు బంటుకు దారి దొరుకుతుంది. దాని వెనక ఏనుగు కాసుకుని ఉంటుంది. నల్లవాడి బలగమంతా గోడ వెనకే ఇరుక్కుని ఒకరి కాళ్ళకొకరు అడ్డం పడతారు.

ఆమె పదే పదే ఆడి చూసింది. ప్రతిసారీ గోడ కూలింది.

పొయ్యి మీద పప్పు అడుగంటుతున్న వాసనకి దామోదర్ లోపలికొచ్చాడు. వసుమతి మొహం చూసి ఏమైందని అడిగాడు. ఆమె చెప్పింది. అతనికి సగమే అర్థమైంది కానీ ఆ సగం చాలు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"మరి చెప్పకు. ఇన్నేళ్ళూ ఎవరూ ఫైండ్ అవుట్ చెయ్యలేదు కదా. నీ సీక్రెట్ నువ్వే లీక్ చేసుకుంటావా ఏంటి?"

ఆమె చెప్పలేదు. ఎర్ల్‌కు కూడా చెప్పలేదు. ఆ ఏడాది అలాగే ఆడుతూ వచ్చింది, గెలుస్తూ కూడా వచ్చింది. కానీ మునుపటి నిబ్బరం పోయింది. ఎదుటివాడి చెయ్యి అంచు బంటు వైపు వెళ్తే ఆట మరిచి ఆ చేతినే చూసేది. ఆ చెయ్యి ఇంకో పావును పట్టుకుంటే ఊపిరి పీల్చుకునేది. గురువారాలు ఎర్ల్ ఆ గోడను మెచ్చుకుంటూ నలుగురికీ వివరిస్తుంటే ఆమె తల వంచుకుని పావులు సర్దేది.

సెప్టెంబరు మొదట్లో లేబర్ డే సెలవులకు ఫీనిక్స్‌లో ఒక హోటల్లో ఏటా టోర్నమెంటు జరిగేది. గెలిచినవాళ్ళ పేర్లు చెక్కిన వెండి కప్పు ఒకటి బల్లమీద పెట్టేవాళ్ళు. ఎర్ల్ అప్పటికి మూడుసార్లు రెండో స్థానంలో ఆగిపోయాడు. ఆయన దాని గురించి మాట్లాడేవాడు కాదు కానీ, హాల్లోకి వచ్చేటప్పుడూ వెళ్ళేటప్పుడూ ఆ బల్ల ముందు ఒక్క క్షణం ఆగేవాడు. వసుమతి అది చాలాసార్లు చూసింది.

ఆ ఏడు ఇద్దరికీ కలిసొచ్చింది. చివరి రోజు ఉదయానికి ఇద్దరూ సమానంగా అందరికంటే ముందున్నారు. ఆఖరి ఆట వాళ్ళిద్దరికీ పడింది. తెల్లపావులు వసుమతివి. క్లబ్బు మిత్రులు ఇద్దరినీ చుట్టుముట్టి ఒకటే చెప్పారు. చెరో నాలుగెత్తులు వేసి డ్రా చేసుకుంటే కప్పు మీద ఇద్దరి పేర్లూ ఎక్కుతాయి, గొడవ వదిలిపోతుంది. దామోదర్‌కు కూడా అదే మంచిదనిపించింది.

కాఫీ దగ్గర ఎర్ల్ ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. "వాళ్ళేమంటున్నారో విన్నాను," అన్నాడు. "నేను మాత్రం ఆడటానికే కూర్చుంటాను వసూ. నువ్వు నాకోసం మెత్తబడితే మళ్ళీ నీతో ఆడను."

సరేనంది వసుమతి.

హాల్లో గడియారాలు టకటకలాడుతున్నాయి. వసుమతి రాజు ముందున్న బంటును రెండు గళ్ళు తోసింది. తెల్లపావులతో ఆమె ఇప్పుడందరిలాగే ఆడేది. ఎర్ల్ కొంచెం ఆలోచించి ఒక బంటును ఒక్క గడి జరిపాడు. ఆమె మంత్రి బంటును తోసింది. ఆయన శకటును మూల వైపు జరిపాడు. తరవాత ఇంకో బంటు ఒక్క గడి. ఇంకోటి ఒక్క గడి.

ఆయన అన్నపూర్ణ గోడ కడుతున్నాడు.

వసుమతి తలెత్తి చూసింది. ఎర్ల్ కళ్ళల్లో ఎగతాళి ఏమీ లేదు. తనకు తెలిసినవాటిలో అన్నిటికంటే గట్టిది ఆమె ఆటే కనుక ముప్పై ఏళ్ళ కోరిక తీర్చుకునే రోజున దాన్నే ఎంచుకున్నాడు. దానికి ఎదురుగా కూర్చోవడం ఆమెకెప్పుడూ పడలేదన్న లెక్క కూడా వేసుకుని ఉంటాడు. జనవరి ఆదివారం సంగతి ఆయనకు తెలియదు.

మామూలుగా ఆడుకుంటూ పోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. ఆట నెమ్మదిగా సాగి డ్రా అవుతుంది. తన రహస్యం తనతోనే ఉంటుంది. కప్పు మీద ఎర్ల్ పేరూ ఎక్కుతుంది. అంచు బంటును ముట్టుకుంటే ఆయన ఇవాళ ఓడిపోతాడు. అంతటితో పోదు. చుట్టూ నిలబడి చూస్తున్నవాళ్ళందరికీ ఆ గోడను ఎక్కడ తన్నాలో తెలిసిపోతుంది. వచ్చే నెల క్లబ్బు పత్రికలో ఎత్తులన్నీ అచ్చవుతాయి. ఇక ఆ గోడ వెనక ఆమెకు నీడ ఉండదు. నల్లపావులతో చిన్నప్పటినుంచీ ఆమెకు తెలిసిన ఆట అదొక్కటే.

ఆమె గడియారం నడుస్తూనే ఉంది. వసుమతి చేతులు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. జనం పక్కన నిలబడ్డ దామోదర్‌కు, ఆమె ఎత్తు కోసం వెతకడం లేదనీ, ఎత్తు ఎప్పుడో దొరికిందనీ తెలుస్తూనే ఉంది. అతను ఒకసారి ఆమె కంట్లో పడి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు కూడా.

ఆమెకు కోపమొచ్చింది. దామోదర్ మీద కాదు, ఎర్ల్ మీదా కాదు. ఎనిమిది నెలలుగా బోర్డు ముందు కూర్చుని ఆటకు బదులు ఎదుటివాడి చెయ్యిని చూస్తూ బతుకుతోంది. అది ఆడటం ఎలా అవుతుంది? తనకు తెలిసిందల్లా పంచిపెట్టిన మనిషి ఎదురుగా కూర్చుని, పూర్తి బలంతో ఆడమని నోరు తెరిచి అడిగితే, సగం బలంతో ఆడటం ఆయన్ని గౌరవించినట్టు ఎలా అవుతుంది?

ఆమె చెయ్యి చాచి అంచు బంటును రెండు గళ్ళు తోసింది.

ఎర్ల్ కనుబొమలు ముడిపడ్డాయి. తన బంటును ఒక్క గడి జరిపి అడ్డం పెట్టాడు. ఆమె ఇంకో గడి తోసింది. ఆయన పక్క బంటును పైకి తెచ్చాడు. చూసేవాళ్ళకు నల్లవాడిదే పైచెయ్యి అనిపించింది. వసుమతి తన పావులను ఒక్కొక్కటే చోట పెట్టుకుంటూ వచ్చింది. శకటు, మంత్రి, రెండో గుర్రం. అప్పుడు మొదటి గుర్రాన్ని ఎత్తి, ముందుకొచ్చిన ఆ నల్లబంటు మీదికి దూకించి దాన్ని చంపింది. గుర్రం తిరిగి రాదు. ఎర్ల్ దాన్ని తీసుకున్నాడు. ఆమె శకటు వచ్చి ఆ గడిలో వాలింది.

అంచు బంటు ముందు ఇప్పుడు ఎవరూ లేరు.

అది ఒక్కొక్క గడి నడిచింది. నల్ల శకటు వెనక్కి పారిపోయింది. ఇంకో గడి నడిచి నల్ల ఏనుగును మూలలో బంధించి నిలబడింది. ఆ ఏనుగు పక్క గడికి వెళ్తే బంటు చేతిలోనే చస్తుంది. ఎర్ల్ బలగమంతా ఉంది కానీ ఒక్కటీ కదిలే దారి లేదు. ఎప్పుడో మాట్లాడటం మానేసిన జనం ఇప్పుడు బోర్డు మీదికి వంగి చూస్తున్నారు. వసుమతి మధ్య బంటును తోసి బోర్డు నడుమ తెరిచేసింది. నల్లరాజుకు ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఎర్ల్ చాలాసేపు చూశాడు. తరవాత తన రాజును వేలితో మెల్లగా పడుకోబెట్టి చెయ్యి చాచాడు.

"ఎప్పటినుంచి తెలుసు?"

"జనవరి నుంచి."

 ఆయనకు కష్టం వేసిందని ఆమెకు తెలుసు. కప్పు కోసం కొంతా, ఆమె దాచిందన్నందుకు కొంతా. "నాతో చెప్పి ఉండొచ్చు," అన్నాడు చివరికి.

"భయపడ్డాను," అంది వసుమతి. "నల్లపావులతో నాకు ఇంకో ఆట రాదు."

ఆయన తల ఊపి పావులు మళ్ళీ మొదటినుంచి సర్దడం మొదలుపెట్టాడు. "సరే, చూపించు," అన్నాడు. చుట్టూ జనం ఉన్నారని చెప్పబోయి వసుమతి ఊరుకుంది. అంతా చూపించింది. ఎర్ల్ ఎక్కడ ఇంకోలా ఆడి ఉండొచ్చో, అలా ఆడితే ఏమయ్యేదో, ఇవాళ బోర్డు మీదికి రాని దారులు కూడా విప్పి చెప్పింది. వెనక నిలబడ్డ టూసాన్ కుర్రాడొకడు గబగబా రాసుకుంటున్నాడు. దామోదర్ బయటికి వెళ్ళిపోయాడు.

కప్పు మీద ఆమె పేరు చెక్కేటప్పుడు అక్షరాలు తప్పుగా పడ్డాయి. ఆమె సరిచెయ్యమని అడగలేదు.

అనుకున్నట్టే జరిగింది. శీతాకాలం వచ్చేసరికి, నల్లపావులు పడితే చాలు, ఎవరితో ఆడినా అంచు బంటే ఎదురొచ్చేది. వరసగా ఓడింది. మొన్నటిదాకా ఆమెను చూసి జంకినవాళ్ళు జోడీల జాబితాలో ఆమె పేరు పక్కన తమ పేరు పడితే మురిసిపోయే రోజులొచ్చాయి. దామోదర్ ఒకరోజు పట్టలేక, "నేను ముందే చెప్పానా లేదా?" అన్నాడు. వసుమతి ఒప్పుకుంది. అతను చెప్పిందంతా నిజమైంది. అయినా ఆ ఎత్తు వేసినందుకు తనకు బాధ లేదని కూడా చెప్పింది. ఓడిపోతున్నాను కానీ మళ్ళీ ఆట కనిపిస్తోంది, ఎదుటివాళ్ళ చేతులు కాదు అంది. 

నలభై రెండేళ్ళ వయసులో ఆమె మళ్ళీ ఓనమాలు దిద్దింది. రాజు బంటుకు రాజు బంటుతో ఎదురునిలిచే పాత ఆరంభాలు, మంత్రి పక్క బంటును ఎరవేసే ఆరంభాలు. నేర్పింది ఎర్లే. గురువారం చాలక ఆదివారాలు కూడా చాండ్లర్ వచ్చేవాడు. ఆమె చేసిన పెసరట్లు తిని, పచ్చిమిరపకాయలు ఏరి పక్కన పెట్టి, బోర్డు ముందు కూర్చునేవాడు. అదే ఆయనకూ పనికొచ్చింది. ఆమెకు నేర్పడానికని ఆయన కూడా ఏళ్ళ తరబడి మూసిపెట్టిన పుస్తకాలన్నీ తెరవాల్సి వచ్చింది.

1985 లేబర్ డే నాడు ఎర్ల్ హాస్కిన్స్ కప్పు గెలిచాడు. ఆయనకప్పుడు అరవై నాలుగేళ్ళు. ఆఖరి ఆట టూసాన్ కుర్రాడితో. వసుమతి అప్పటికే తన ఆట గెలిచి మూడో స్థానం తెచ్చుకుని, ఆయన కుర్చీ వెనక నిలబడింది. ఎదుటివాడు చెయ్యి చాచగానే ఎర్ల్ ఆ చెయ్యి కలిపి, అలవాటుగా పావులు మొదటినుంచి సర్దడం మొదలుపెట్టాడు. ఆమె మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ఆ తరవాతి ఏళ్ళలో వసుమతి తనే డ్రైవ్ చేసుకుంటూ పక్క రాష్ట్రంలోని ఆల్బకర్కీ దాకా వెళ్ళి ఆడివచ్చేది. చాండ్లర్ లైబ్రరీలో ఆడవాళ్ళకోసం ఒక బోర్డు పెట్టించింది. చిప్పుల కంపెనీలకు కొత్తగా వస్తున్న తెలుగువాళ్ళ భార్యలు కొందరు వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఆట వచ్చినవాళ్ళు తక్కువ, ఇంట్లో ఒక్కరే ఉండలేక వచ్చినవాళ్ళు ఎక్కువ. ఆమె రెండు రకాలవాళ్ళనూ ఒకేలా కూర్చోబెట్టేది. రాధారాణి అనే ఒకావిడ మొదటిరోజు బంటును ఒక్క గడే జరిపి, రెండు గళ్ళు జరపొచ్చని పక్కావిడ చెప్తే సిగ్గుపడింది. అలా జరిపినా తప్పేం కాదంది వసుమతి. ఆ గోడ ఎలా కడతారో, దాన్ని ఎవరు ఎక్కడ పడగొట్టారో రెండూ ఆ పూటే చూపించింది. తరవాత ఏది ఆడాలో ఆవిడే చూసుకుంటుందని వదిలేసి, పక్క బోర్డు దగ్గరికి జరిగింది.